మేకవెంట్రుకల ఇంటిపేరు

బోస్నియా పట్నం సరాయెవోలో 18వ శతాబ్దంలో ముల్లా ముస్తఫా బషెస్కియా అనే ఆయన ఉండేవాడు. గడియారపు బురుజు దగ్గర చిన్న కొట్టు పెట్టుకుని, రాయడం రానివాళ్లకు అర్జీలూ ఉత్తరాలూ రాసిపెట్టి బతికాడు. తనకోసం మాత్రం వేరే పుస్తకం ఒకటి పెట్టుకున్నాడు. 1746 మొదలు 19వ శతాబ్దపు తొలి ఏళ్లదాకా ఊరి సంగతులన్నీ అందులో ఉన్నాయి. ధాన్యం ధరలు, మంచు, వరదలు, అగ్గి, ప్లేగు, బజారు తగాదాలు. వాటితోపాటు ఏ ఏటికి ఆ ఏడు ఊళ్లో పోయినవాళ్ల పట్టీ. ఆ పట్టీ కోసమే నేను ఆ పుస్తకం మళ్లీ మళ్లీ తీస్తాను.

అందులో పెద్దమనుషుల పక్కనే హమాలీలు ఉంటారు. మతపెద్ద తర్వాతి వరుసలో బజారులో తిరిగే పిచ్చివాడు ఉంటాడు. ఒకాయన్ని చేసే పనితో గుర్తుపెట్టుకున్నాడు, ఒకాయన్ని పేటతో, ఇంకొకాయన్ని జనం పెట్టిన ఎక్కిరింత పేరుతో. రాజుల చరిత్రలు రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక ఊరి జీన్లు కుట్టేవాళ్లనూ కొవ్వొత్తులు పోసేవాళ్లనూ చనిపోయిన రోజున తలుచుకుని పేరు రాసిపెట్టినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే.

ఇంటిపేర్లు ఎలా పుడతాయో ఆ పట్టీ చదువుతుంటే తెలిసిపోతుంది. ఊరినిండా ముస్తఫాలూ ఇబ్రహీములూ అయితే ఎవరు ఎవరో చెప్పాలి గదా. జీన్లు కుట్టే ముస్తఫా, రాగిపని ఇబ్రహీం. కొడుకు అదే కొట్లో కూర్చుంటే వాడు జీన్లవాళ్ల అబ్బాయి. బోస్నియా భాషలో ఆ ‘వాళ్ల అబ్బాయి’కి ఒక చిన్న తోక చాలు: ఇచ్. అప్పట్లో బోస్నియాను ఏలిన ఒట్టోమన్ తుర్కుల కచేరీ గుమాస్తా కాగితం మీద పారసీ పద్ధతిలో ‘జాదె’ అని రాసేవాడు. వీధిలో జనం ‘ఇచ్’ అనే పిలిచారు. చివరికి నిలబడింది వీధి మాటే.

అలా వచ్చిన పేర్లు కొన్ని విన్నప్పుడు తెలుగువాడి చెవికి పాత చుట్టరికం తగులుతుంది. తెర్జిచ్ అంటే దర్జీవాళ్లు. 2024లో డోర్ట్‌మండ్ ఫుట్‌బాల్ జట్టును యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు తీసుకెళ్లిన ఎదిన్ తెర్జిచ్ ఇంటిపేరు అదే. కలాయ్‌జిచ్ అంటే కళాయి పోసేవాళ్లు. మన ఇత్తడి గిన్నెలకు పోసిన కళాయే అది. హమాలీని అక్కడా హమాల్ అనే అంటారు. పారసీ, అరబ్బీ మాటలు ఒట్టోమన్ తుర్కీ వెంట పడమటికీ, దక్కన్ సుల్తానుల వెంట ఇటువైపుకూ నడిచాయి. రెండు చోట్లా పనివాళ్ల నోళ్లలో స్థిరపడ్డాయి.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ వృత్తి పేర్లకు మతం లేదు. తెర్జిచ్‌లు ముస్లింలలో ఉన్నారు, ఆర్థడాక్స్ సెర్బుల్లో ఉన్నారు. బరువులు కట్టే గుర్రపు జీను చేసేవాడి పేరు మీద వచ్చిన సమర్జిచ్, కంసాలి పేరు మీద వచ్చిన కుయుంజిచ్ కూడా అంతే, మత సరిహద్దులు దాటి కనిపిస్తాయి. బోస్నియా పేరు చెప్పగానే చీలికలే గుర్తొచ్చే రోజులివి. అందుకే ఈ మాట ముందే చెప్పాలనిపించింది.

నేను చెప్పదలుచుకున్న పేరు వీటిలా ఎక్కువగా వినబడేది కాదు. ముతప్చిచ్. దీని మూలం ముతప్చియా, అంటే మేకవెంట్రుకలను పేని సంచులూ పట్టీలూ నేసేవాడు. తుర్కీలో ముతాఫ్ అంటారు. అది పారసీలోంచి వచ్చింది. మూ అంటే వెంట్రుక, తాబ్ అంటే మెలి. వెంట్రుకకు మెలి పెట్టేవాడన్నమాట.

ఒక పేరు ఎందుకు అరుదవుతుందని ఆలోచిస్తే ఆ పని ఎంతమంది చేసేవారన్న చోటికి చేరతాం. బోస్నియాలో ఎక్కడికి వెళ్లినా వినబడే ఇంటిపేర్లలో హోజిచ్ ఒకటి. హోజా అంటే మత పాఠాలు చెప్పే పంతులు. మసీదున్న ప్రతి పల్లెకూ ఒక హోజా కావాలి. కమ్మరి లేని పల్లె ఉండదు కాబట్టి కొవాచ్, కొవాచెవిచ్ పేర్లు కొల్లలు. మేకవెంట్రుకల సంచి నేసేవాడు పల్లెపల్లెకూ అక్కర్లేదు. అతనికి పని ఉండేది గుర్రాల బిడారులు ఆగే పట్నాల్లో, సరాయిలున్న చోట్ల. ఒక పట్నానికి నాలుగైదు కొట్లు చాలు. కొట్లు కొద్దివి, కుటుంబాలు కొద్దివి, పేరూ కొద్దిమందిదే. ఈనాటి టెలిఫోను పుస్తకంలో ఒక వృత్తి ఇంటిపేరు ఎన్నిసార్లు వస్తుందో చూస్తే, మూడువందల ఏళ్లనాటి బజారులో ఆ కొట్లు ఎన్ని ఉండి ఉంటాయో ఉరామరిగా అందుతుంది.

సరాయెవో పాత బజారు బాష్‌చార్షియాలో ఒక పాతసామాను కొట్లో నేను ఇలాంటి సంచి ఒకటి చేత్తో పట్టుకుని చూశాను. దాన్ని జోబ్నిత్సా అంటారు. జోబ్ అంటే ఓట్స్ గింజలు. గుర్రం మూతికి తగిలించే దాణా సంచి. నలుపూ గోధుమరంగూ చారలు. అవి రంగు అద్దినవి కావు, మేకల సొంత రంగులే. చెయ్యి పెడితే వెంట్రుక మొనలు అరచేతికి గుచ్చుకుంటాయి. అడుగున నేత ఇంకా దట్టంగా ఉంది, గింజ జారకుండా. మూతి దగ్గర తాడు దూరే కంతలు అరిగి నున్నగా అయ్యాయి. ఎన్ని గుర్రాలు ఊపిరి వదిలి ఉంటాయో అందులో. ముక్కు దగ్గర పెట్టుకుంటే దుమ్ము వాసన తప్ప ఇంకేమీ రాలేదు. నేసినవాడెవరో కొట్టువాడికీ తెలియదు.

ఆ వెంట్రుకను బోస్నియాలో కోస్త్రియెత్ అంటారు. ఉన్నిలా మెత్తన కాదు, పట్టు ఉండదు, జారిపోతుంది. దానితో నూలు తియ్యడమే అసలు విద్య. కడిగి ఆరబెట్టి, కర్రలతో కొట్టి, విల్లుతో ఏకి పొరలు పొరలుగా విడదీసేవారు. పేనేవాడు ఆ ఏకిన వెంట్రుకను నడుముకు చుట్టుకుని, దాని కొసను రాట్నం కొక్కేనికి తగిలించేవాడు. కుర్రాడు రాట్నం తిప్పుతుంటే, ఈయన రెండు చేతులతో వెంట్రుకను వదులుతూ వెనక్కి నడిచేవాడు. నూలు ఎంత పొడుగు కావాలంటే అంత దూరం వెనక్కి. గోడ తగిలితే నూలు చుట్టి మళ్లీ రాట్నం దగ్గరికి. తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా అలా వెనక్కి నడిచిన మనిషి రోజుకు ఎన్ని కోసులు నడిచేవాడో! తన నూలుతో అల్లిన సంచి కొండలు దాటి సముద్రపు ఒడ్డున ఉన్న దుబ్రోవ్నిక్ చేరేది. తను మాత్రం ఆ కొట్టు ఈ గోడకూ ఆ గోడకూ మధ్యనే.

ఆ గుడ్డకు ఒక గుణం ఉంది. మన గొంగడిలాగే వానలో తడిసినకొద్దీ దారం ఉబ్బి కంతలు మూసుకుంటాయి. బయట తడిసినా లోపల సరుకు పొడిగా ఉంటుంది. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చేవాడికి అంతకన్నా కావలసింది ఏముంది? దాణా సంచులు, గోతాలు, గుర్రం కడుపు కింద బిగించే పట్టీలు, వీపు మీద కప్పే దుప్పట్లు, బరువు కట్టే తాళ్లు, అన్నీ ఆ వెంట్రుకతోనే. బిడారు తోలేవాళ్లను కిరిజియాలు అనేవారు. వాళ్లు నడిపిన బోస్నియా కొండగుర్రం పొట్టిది, ఒళ్లు గట్టిది, రాళ్లదారిలో కాలు జారనిది. దక్షిణాన దుబ్రోవ్నిక్ దాకా, తూర్పున నోవి పజార్ మీదుగా స్కోప్యే, థెస్సలొనీకి, ఇస్తాంబుల్ దాకా ఆ దారులు సాగేవి. మైనం, తోళ్లు, ఉన్ని వెళ్లేవి. ఉప్పు, బట్ట, సుగంధ దినుసులు వచ్చేవి. ప్రతి గుర్రం మూతికీ ఒక సంచి. ఏడాది తిరక్కుండా చిరిగేది, మళ్లీ కొత్తది కొనాలి. ముతప్చియా బతుకు ఆ చిరుగు మీద నడిచింది.

1660 ప్రాంతంలో సరాయెవో చూసిన ఒట్టోమన్ యాత్రికుడు ఎవ్లియా చెలెబీ బజారులో 1,080 కొట్లున్నాయని రాశాడు. ఏ పనివాళ్లది ఆ సందు. జీన్లవాళ్లకు సరాచి, రాగిపనివాళ్లకు కజాంజిలుక్, ఉన్నిచర్మాల కోట్లు కుట్టేవాళ్లకు చుర్చిలుక్, పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్లకు ముజెలితి, దూదేకేవాళ్లకు హలాచి, టముకు వేసేవాళ్లకు తెలాలి. ఆ సందుల పేర్లు ఇప్పటికీ అవే. ముజెలితిలో అట్టలు కట్టేవాళ్లు లేరు, తెలాలిలో టముకు వినబడదు. కజాంజిలుక్ సందులో మాత్రం సుత్తి చప్పుడు ఆగలేదు. బోస్నియా యుద్ధంలో సాగిన 1992–96 ముట్టడి తర్వాత అక్కడి పనివాళ్లు ఊరి మీద పడ్డ తుపాకీ గుండ్ల, ఫిరంగి గుండ్ల ఇత్తడి తొడుగుల మీదే పూలూ వంతెనలూ చెక్కి అమ్మారు. ఆ సందులో నిలబడి ఆ తొడుగుల్ని చూస్తే మనసు కలుక్కుమంది.

ప్రతి పనికీ ఒక సంఘం ఉండేది, ఎస్నాఫ్ అంటారు. దాని పెద్ద చెహాయా. పిల్లవాడు ముందు షెగర్త్‌గా చేరి ఊడ్చేవాడు, నీళ్లు తెచ్చేవాడు, రాట్నం తిప్పేవాడు. కొన్నేళ్లకు కల్ఫా అయ్యేవాడు. అటు తర్వాత ఉస్తా. ఆ రోజున సంఘమంతా ఊరి బయట పచ్చికలో కూడేది. వంటలు, ప్రార్థన, అందరి ముందూ కొత్త ఉస్తా నడుముకు పనివాడి కట్టు చుట్టేవారు. ఆ వేడుక పేరు కుషన్మా. ఆ కట్టు కట్టుకోనివాడు కొట్టు తెరవడానికి లేదు. నాసిరకం సరుకు అమ్మితే సంఘమే శిక్షించేది. దీంట్లో కఠినం ఉంది, బయటివాడికి తలుపు మూయడం ఉంది, ఆ సంగతి దాచను. కానీ ఒక పేదవాడి కొడుకు నేర్చుకున్న పనిని ఊరంతా ఒక పూట పనులు మానుకుని గౌరవించిన ఏర్పాటు అది. దాని జాడ ఇప్పుడు ఎక్కడా లేదు.

1878లో ఆస్ట్రియా–హంగరీ సైన్యం బోస్నియాలోకి వచ్చింది. సైన్యానికి తిండీ మందుగుండూ చేర్చడానికి ఉత్తరాన సావా నది ఒడ్డున ఉన్న బ్రోడ్ నుంచి 76 సెంటీమీటర్ల సన్నపట్టాల రైలుదారి వేశారు. 1879లో జెనిత్సా చేరింది. 1882లో సరాయెవో. 1891లో మోస్తార్ వైపు కొండలు దాటింది. 1906లో తూర్పున విషెగ్రాద్ దాటి సరిహద్దు దాకా పోయింది. బిడారు రోజుల తరబడి నడిచే దారిని రైలు గంటల్లోకి తెచ్చింది. గుర్రం అక్కర్లేనిచోట దాణా సంచి ఎవరికి కావాలి? ఈలోగా 1879 ఆగస్టులో బజారులో పెద్ద అగ్గి రేగి 400కు పైగా కొట్లు తగలబడ్డాయి. కాలిన కొట్లలో మళ్లీ పాత పనే మొదలుపెట్టడానికి అందరికీ చేతులాడలేదు. మిల్లు గోనె సంచీ, మిల్లు తాడూ అప్పటికే రైలు దిగాయి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంకోటి జరిగింది. కొత్త ప్రభుత్వం 1879లో, 1885లో, 1895లో జనాభా లెక్కలు తీసింది. ఎవరి భూమి ఎవరిదో పుస్తకాల్లో ఎక్కించడం మొదలుపెట్టింది. ప్రతి మనిషికీ మారని ఇంటిపేరు ఒకటి ఉండాలంది. బోస్నియా కుటుంబాల్లో చాలావాటికి అప్పటికే పేర్లున్నాయి, కానీ అవి మెత్తగా ఉండేవి. తండ్రి పని మానేసి కొడుకు వేరే పనిలోకి పోతే పేరూ మారిపోవచ్చు, వలస పోయినచోట కొత్తది రావచ్చు. గుమాస్తా సిరాతో రాశాక ఇక మారలేదు. బిడారుదారులు పాడుబడుతున్న ఏళ్లలో, వెంట్రుక పేనే రాట్నాలు ఒక్కొక్కటే ఆగిపోతున్న ఏళ్లలో, ముతప్చిచ్ అనే పేరు ప్రభుత్వ పుస్తకంలో ఖాయమైంది. ఇంకో రెండు తరాలు ఆగి రాసి ఉంటే ఆ కుటుంబానికి మరేదో పేరు వచ్చి ఉండేదేమో. పని ఇంకా పూర్తిగా పోకముందే రాశారు కాబట్టి ఈ మాట మనదాకా వచ్చింది.

చివరి దెబ్బ మేకకే తగిలింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత యుగోస్లావియాలో అడవుల్ని కాపాడాలని మేకల పెంపకాన్ని నిషేధించారు. చెట్ల చిగుళ్లు మేసేస్తుందని మేక మీద నేరం. పేదవాడికి ఆవు లేనిచోట మేకే పాడి. నిషేధానికి ముందే ముతప్చియాల పని పోయింది, ఆ తర్వాత ముడిసరుకు కూడా పోయింది.

ఇదే పేరున్న కొందరు సరిహద్దు అవతల పూర్తిగా కనుమరుగైపోయారు. 1878 తర్వాత బోస్నియా ముస్లింలలో ఎన్నో కుటుంబాలు క్రైస్తవ చక్రవర్తి కింద ఉండలేక, ఆయన సైన్యంలో పిల్లల్ని చేర్చలేక ఒట్టోమన్ రాజ్యానికి తరలిపోయాయి. ఆ రాజ్యం పోయి ఏర్పడిన తుర్కీ దేశంలో 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చింది. పరాయి తోకలున్న పేర్లు కూడదన్నారు. ఇచ్, విచ్ తోకలు ఆ నిషేధంలో పడ్డాయి. బోస్నియా నుంచి వచ్చినవాళ్లు తుర్కీ మాటల్లో కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఏ తుర్కీ పేరు వెనుక ఏ బోస్నియా కొట్టు ఉందో ఆ ఇళ్ల ముసలివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ముసలివాళ్లూ ఇప్పుడు లేరు.

సరాయెవోలో వెతుక్కోవడానికైనా కాగితాలు ఉండేవి. 1992 మే 17న ప్రాచ్య విద్యా సంస్థ మీద గుండ్లు పడి అది కాలిపోయింది. 5 వేలకు పైగా చేతిరాత ప్రతులు, లక్షల కొద్దీ ఒట్టోమన్ కాలపు కాగితాలు పోయాయి. వాటిలో భూమి పత్రాలు, కచేరీ దస్తాలు ఉన్నాయి. ఎవరి కొట్టు ఎక్కడ, ఎవరి తండ్రి ఏం పని చేసేవాడు అన్నవి ఉండే కాగితాలు అవే. ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం ఉన్న వియెచ్‌నిత్సా భవనం కాలింది. దాని బూడిద ఊరంతా ఎగిరి పడింది. బషెస్కియా చేతిరాత పుస్తకం మాత్రం బతికింది. 1537లో పుట్టిన గాజీ హుస్రెవ్ బేగ్ గ్రంథాలయంలో ఉండేది. ముట్టడి రోజుల్లో అక్కడి ఉద్యోగులు ప్రతుల్ని ఎత్తుకుని, గుండ్ల మధ్య నుంచి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకుంటూ కాపాడారు. వాళ్లకు నేను వ్యక్తిగతంగా రుణపడ్డాననుకుంటాను. హమాలీల పేర్లు, జీన్లవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయంటే అది వాళ్ల వల్లే.

ఆ యుద్ధంలో 20 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. పేర్లూ వాళ్లతోపాటే వెళ్లాయి. సరాయెవో క్లబ్ ‘బోస్నా’కు బాస్కెట్‌బాల్ ఆడిన ఎమిర్ ముతప్చిచ్ తర్వాత బెర్లిన్‌లో ఆల్బా జట్టుకు కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆయన పేరు రాసిన స్కోరుబోర్డుల ముందు కూర్చున్న జర్మన్లలో ఎందరికి మేకవెంట్రుకలు గుర్తొచ్చి ఉంటాయి? పరాయి దేశపు కంప్యూటర్లలో చివరి అక్షరాల మీది గుర్తులు రాలిపోతాయి. అప్పుడు ‘చిచ్’ కాస్తా ‘సిక్’ అవుతుంది. బడిలో టీచరు అలాగే పిలుస్తుంది, పిల్లలు కొన్నాళ్లు సరిదిద్ది ఊరుకుంటారు. ఇంకొన్నాళ్లకు వాళ్లే అలా పలుకుతారు.

అమెరికాలో బోస్నియావాళ్లు అందరికన్నా ఎక్కువగా స్థిరపడిన ఊరు సెయింట్ లూయిస్. అక్కడ మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అక్కడ ఉండేవాళ్లు ఇది చదివితే ఒక్క పని చేయమని అడుగుతున్నాను. వీధిలో ‘ఇచ్’తో ముగిసే పేరున్న ఇల్లు కనబడితే, ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్ల తాతలు ఏం పని చేసేవారో అడగండి. రాగి గిన్నెలో కాఫీ కాచి పోసి మరీ చెబుతారు. విన్నది తేదీ వేసి రాసుకోండి. తెలుగులోనైనా సరే.